నీటిలో హైడ్రోజన్ 66 శాతం ఎందుకు కాదు?

ప్రశ్న: నీటి ఫార్ములాలో రెండు హైడ్రోజన్‌లు, ఒక ఆక్సిజన్ ఉన్నాయి కదా. మూడింటిలో రెండు కాబట్టి హైడ్రోజన్ 66.67 శాతం అని పరీక్షలో రాశాను. మార్కులు వేయలేదు. జవాబు 11.19 అట. ఇంటికొచ్చి మళ్ళీ చేస్తే నాకు 11.11 వస్తోంది. బ్రాకెట్లు ఉన్న ఫార్ములాలు, మధ్యలో చుక్క పెట్టి పక్కన నీళ్ళు రాసిన ఫార్ములాలు చూస్తేనే టెన్షన్. అన్ని మూలకాల శాతాలూ కలిపితే ఒక్కోసారి 99.99 వస్తుంది, అది తప్పా? లెక్కలో గ్రాములు ఇస్తే ముందు మోల్స్‌లోకి మార్చాలా? సూత్రం బట్టీ పట్టాను గానీ దాన్ని ఎక్కడ ఎలా వాడాలో తెలియడం లేదు. కాస్త వివరంగా చెప్పండి.

సమాధానం: మీరు రాసిన 66.67 సరైన జవాబే, కాకపోతే వేరే ప్రశ్నకు. నీటిలో ఉన్న పరమాణువుల్లో హైడ్రోజన్ పరమాణువులు ఎంత శాతం అని అడిగితే అచ్చంగా అదే రాయాలి. పరీక్షలో అడిగింది ద్రవ్యరాశి శాతం. అంటే వంద గ్రాముల నీళ్ళు తీసుకుంటే అందులో హైడ్రోజన్ ఎన్ని గ్రాములు అని. తూకం మీద ఇద్దరు పసిపిల్లలు, వాళ్ళ తాతయ్య కలిసి నిలబడ్డారనుకోండి. తలలు లెక్కపెడితే పిల్లలే ఎక్కువ, తూకంలో మాత్రం సింహభాగం తాతయ్యదే. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల సంగతీ అంతే. హైడ్రోజన్ పరమాణు ద్రవ్యరాశి 1.008, ఆక్సిజన్‌ది 15.999. ఒక్క ఆక్సిజన్ దాదాపు పదహారు హైడ్రోజన్‌లంత బరువు.

ఇప్పుడు లెక్క చూడండి. రెండు హైడ్రోజన్‌లు కలిపి 2.016. దానికి 15.999 కలిపితే నీటి అణువు మొత్తం 18.015. 2.016ను 18.015తో భాగించి వందతో గుణిస్తే 11.19 శాతం. మిగతా 88.81 ఆక్సిజన్. మీరు ఇంట్లో చేసినప్పుడు హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 16 తీసుకుని ఉంటారు. 2ను 18తో భాగిస్తే 11.11 వస్తుంది. పద్ధతిలో తప్పేమీ లేదు, మీరు తీసుకున్న పరమాణు ద్రవ్యరాశులు పూర్ణాంకాలు, అంతే తేడా. ప్రశ్నపత్రంలో ఏ విలువలు ఇస్తే వాటినే వాడండి. ఏమీ ఇవ్వకపోతే మీ పాఠ్యపుస్తకంలోని విలువలు వాడండి. సగం లెక్క ఒక పట్టికతో, సగం ఇంకో పట్టికతో మాత్రం చేయకండి. ఇంకో జాగ్రత్త, క్లోరిన్‌ను 35 అనో 36 అనో ఎప్పుడూ సవరించవద్దు. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో 35, 37 ద్రవ్యరాశి సంఖ్యలున్న ఐసోటోపులు (ఒకే మూలకానికి చెందిన, బరువు వేరైన పరమాణువులు) దాదాపు మూడుకు ఒకటి చొప్పున కలిసి ఉంటాయి, అందుకే సగటు 35.45 దగ్గర నిలిచింది. పూర్ణాంకం కావాలని దాన్ని లాగితే జవాబు చెడిపోతుంది.

సూత్రం బట్టీ పట్టానన్నారు. అది చిన్నదే: ఆ మూలకం తెచ్చిన ద్రవ్యరాశిని మొత్తం ద్రవ్యరాశితో భాగించి వందతో గుణించడం. భాగహారం తప్పు చేసేవాళ్ళు తక్కువ, చేతిలో క్యాలిక్యులేటర్ ఉంటుంది. తప్పు జరిగేది అంతకు ముందే, హారం దగ్గర. మొత్తం అంటే దేని మొత్తం, అందులో ఏమేం కలిశాయి, ఒక్కొక్కటి ఎన్నిసార్లు కలిసింది అన్నది తేల్చకుండానే చాలామంది భాగించడం మొదలుపెడతారు. లవం గురించి తర్వాత ఆలోచించండి. ముందు హారం కట్టండి. హారం సరిగ్గా కడితే లవం అందులోనే ఒక వరుసగా దొరుకుతుంది, మళ్ళీ వెతకక్కర్లేదు.

బ్రాకెట్ల భయం పోవడానికి కాల్షియం నైట్రేట్ తీసుకుందాం. ఫార్ములాలో ఒక కాల్షియం, తర్వాత బ్రాకెట్‌లో ఒక నైట్రోజన్, మూడు ఆక్సిజన్‌లు, బ్రాకెట్ బయట కింద 2. ఆ 2 బ్రాకెట్‌లో ఉన్న ప్రతిదానికీ వర్తిస్తుంది, బయట ఉన్న కాల్షియంకు వర్తించదు. కాబట్టి కాల్షియం 1, నైట్రోజన్ 2, ఆక్సిజన్ 6. ఈ మూడు అంకెలూ కాగితం మీద రాసుకున్నాకే ముందుకు వెళ్ళండి, మనసులో గుర్తుంచుకుంటే చాలనుకోవద్దు. ఇప్పుడు ఒకదాని కింద ఒకటి:

కాల్షియం: 1 × 40.078 = 40.078
నైట్రోజన్: 2 × 14.007 = 28.014
ఆక్సిజన్: 6 × 15.999 = 95.994
మొత్తం: 164.086

హారం వచ్చేసింది. ఇక ఒక్కో వరుసనూ 164.086తో భాగించడమే. కాల్షియం 24.42 శాతం, నైట్రోజన్ 17.07, ఆక్సిజన్ 58.50. మూడూ కలిపితే 99.99, ఎందుకో కాసేపట్లో చూద్దాం. ఫార్ములాలో ముందు రాసింది, పేరులో ముందు వినిపించేది కాల్షియమే అయినా పదార్థంలో సగానికి పైగా ఆక్సిజనే.

ఒకే మూలకం ఫార్ములాలో రెండుచోట్ల కనిపించినా కంగారు పడకండి. అమ్మోనియం నైట్రేట్‌లో అమ్మోనియం వైపు ఒక నైట్రోజన్, నైట్రేట్ వైపు ఇంకొకటి ఉన్నాయి. రెండూ కలిపి 28.014, మొత్తం 80.043, కాబట్టి నైట్రోజన్ 35.00 శాతం. ఎవరైనా 17.5 రాశారంటే ఒక నైట్రోజన్‌ను వదిలేశారన్నమాట.

ఇక 99.99 సంగతి. అమ్మోనియం సల్ఫేట్ చేసి చూడండి. నైట్రోజన్ 21.20, హైడ్రోజన్ 6.10, సల్ఫర్ 24.26, ఆక్సిజన్ 48.43. కలిపితే 99.99. నాలుగు జవాబుల్నీ రెండు దశాంశాలకు సవరించాం కాబట్టి ఎక్కడో ఒక పిసరు పోయింది. ఇది తప్పు కాదు, 100 చేయాలని ఏ అంకెనూ దిద్దకండి. 97 వచ్చినా 104 వచ్చినా మాత్రం పెన్ను కింద పెట్టి మొదటి వరుస నుంచి మళ్ళీ చూడండి. చాలామంది చివరి మూలకాన్ని లెక్క కట్టకుండా మిగతావాటి మొత్తాన్ని వందలోంచి తీసేసి రాసేస్తారు. టైమ్ కలిసొస్తుందన్నది నిజమే గానీ, అలా చేస్తే మొత్తం ఎప్పుడూ వందే వస్తుంది, ముందు చేసిన తప్పు బయటపడే దారి మూసుకుపోతుంది. ఫార్ములా చేతిలో ఉన్నప్పుడు ఆ పద్ధతి వద్దని నా సలహా.

చుక్క దగ్గరికి వద్దాం. కాపర్ సల్ఫేట్ స్ఫటికాల ఫార్ములాలో ఒక కాపర్, ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు రాసి, చుక్క పెట్టి, పక్కన ఐదు నీటి అణువులు రాస్తారు. గణితంలో చుక్క చూస్తే గుణకారం అనుకోవడం అలవాటు. ఇక్కడ గుణించకూడదు, కలపాలి. చుక్క పక్కనున్న 5 మాత్రం నీటి అణువు మొత్తాన్నీ గుణిస్తుంది, అంటే హైడ్రోజన్‌లు పది, ఆక్సిజన్‌లు ఐదు. నీళ్ళు లేని కాపర్ సల్ఫేట్ 159.602, ఐదు నీటి అణువులు 90.075, మొత్తం 249.677. ఈ హారంతో కాపర్ 25.45 శాతం, నీళ్ళు 36.08 శాతం. ఆక్సిజన్ శాతం అడిగితే సల్ఫేట్‌లోని నాలుగు, నీళ్ళలోని ఐదు కలిపి తొమ్మిది తీసుకోవాలి, 57.67 వస్తుంది. అదే ప్రశ్నలో అనార్ద్ర కాపర్ సల్ఫేట్ అని ఉంటే నీళ్ళు లేవు, హారం 159.602, కాపర్ 39.82 శాతం. ఎంత తేడా వచ్చిందో చూడండి. కాపర్ పరమాణువు రెండింటిలోనూ ఒక్కటే, మారింది హారం. అందుకే ప్రశ్నలో ‘ఆర్ద్ర’, ‘అనార్ద్ర’, ‘స్ఫటిక’ అనే మాటలు కనిపిస్తే కింద గీత గీసుకోండి.

ఈ లెక్కను ల్యాబ్‌లో కళ్ళారా చూసే అవకాశం ఉంటే వదులుకోవద్దు. మూసలో (క్రూసిబుల్‌లో) 2.50 గ్రాముల నీలి కాపర్ సల్ఫేట్ తీసుకుని మెల్లగా వేడిచేస్తే నీలం తగ్గుతూ తెల్లటి పొడి మిగులుతుంది. నీళ్ళు 36.08 శాతం కాబట్టి దాదాపు 0.90 గ్రాము ఎగిరిపోయి 1.60 గ్రాములు మిగలాలి. ఒకవేళ బరువు 1.78 దగ్గర ఆగిపోయిందనుకోండి. ప్రయోగం పాడైందని పారేయకండి. తగ్గింది 0.72 గ్రాము, అంటే 28.8 శాతం. ఐదింటిలో నాలుగు నీటి అణువులే పోతే తగ్గాల్సింది 28.86 శాతం. మీ మూసలో ఒక నీటి అణువు ఇంకా పట్టుకుని ఉందని తూకమే చెబుతోంది. నిజంగానే ఆ చివరి అణువు గట్టిది, దాన్ని విడదీయడానికి 200 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి. మళ్ళీ వేడిచేసి, చల్లార్చి, తూచి, వరుసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేవరకు చేయాలి. అలాగని మంట మరీ పెంచితే పొడి నల్లబడుతుంది. అప్పుడు సల్ఫేటే విడిపోయి కాపర్ ఆక్సైడ్ అవుతోందని అర్థం, ఆ బరువును నీళ్ళ ఖాతాలో వేయకూడదు.

గ్రాములు ఇస్తే మోల్స్‌లోకి (అంటే గ్రాములను పరమాణు లేదా అణు ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చే సంఖ్యలోకి) మార్చాలా అని అడిగారు. శాతం ఒక్కటే అడిగితే అక్కర్లేదు. సమ్మేళనం చిటికెడు తీసుకున్నా బస్తాడు తీసుకున్నా అందులో మూలకాల నిష్పత్తి ఒకటే. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రౌస్ట్ దీన్నే గట్టిగా వాదించి నిలబెట్టాడు. గనిలో దొరికిన కాపర్ కార్బొనేట్‌లోనూ, ల్యాబ్‌లో తయారుచేసినదానిలోనూ మూలకాల పాళ్ళు ఒకటేనని చూపించాడు. మీరు చదువుకున్న స్థిరానుపాత నియమం అదే. ‘25 గ్రాముల కాల్షియం నైట్రేట్‌లో నైట్రోజన్ ఎన్ని గ్రాములు’ అని అడిగితే ఇందాకటి 17.07 శాతాన్ని 25 మీద ప్రయోగించండి, 4.27 గ్రాములు. మోల్స్ ఊసే అవసరం లేదు. ఒక్కోసారి ఫార్ములా ఇవ్వకుండా ప్రయోగం బరువులే ఇస్తారు: 2.43 గ్రాముల మెగ్నీషియంను పూర్తిగా మండిస్తే 4.03 గ్రాముల ఆక్సైడ్ వచ్చింది, మెగ్నీషియం శాతం ఎంత? ఇక్కడ హారం 4.03, తూకమే ఇచ్చేసింది. జవాబు 60.3 శాతం. మెగ్నీషియం ఆక్సైడ్ ఫార్ములా నుంచి చేసినా 60.30 వస్తుంది, సరిచూసుకోండి.

మోల్స్ కావాల్సింది వెనక్కి నడిచేటప్పుడు, అంటే శాతాల నుంచి ఫార్ములా కనుక్కునేటప్పుడు. నిజానికి రసాయన శాస్త్రం నడిచిన దారి అదే. మనకు ఇప్పుడు ఫార్ములా ముందే తెలుసు, శాతం లెక్క కడుతున్నాం. అప్పట్లో వాళ్ళ చేతిలో తూకం మాత్రమే ఉండేది. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ 1808 నాటికి కూడా నీటి అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనే అనుకున్నాడు. అందుకే ఆక్సిజన్ పరమాణు భారం ఆయన లెక్కలో 7 దగ్గరే ఉండిపోయింది. బరువు నిష్పత్తి కొలిచి తెలుసుకున్నా పరమాణువుల సంఖ్య తెలియకపోతే ఇలాగే అవుతుంది. శాతం ఒక్కటే ఉంటే చాలదు, పరమాణు ద్రవ్యరాశులూ కావాలి.

మీకు మార్కులు పోగొట్టిన ఆ 11.19 రసాయన శాస్త్రంలో ఎంత పనిచేసిందో చూస్తే దాని మీద మీకు ఇష్టం కలుగుతుంది. 1831లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ కార్బన్ సమ్మేళనాలను మండించి విశ్లేషించే పద్ధతిని బాగా సులువు చేశాడు. పదార్థాన్ని పూర్తిగా మండిస్తే అందులోని కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ అంతా నీరవుతుంది. నీటిని కాల్షియం క్లోరైడ్ పట్టుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం పట్టుకుంటుంది. వాటి బరువు ఎంత పెరిగిందో తూస్తారు. ఇప్పుడు ఒక గ్రాము పదార్థం మండితే 1.466 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 0.600 గ్రాము నీరు వచ్చాయనుకుందాం. నీటిలో 11.19 శాతం హైడ్రోజన్ కాబట్టి హైడ్రోజన్ 0.067 గ్రాము. కార్బన్ డయాక్సైడ్‌లో 27.29 శాతం కార్బన్ కాబట్టి కార్బన్ 0.400 గ్రాము. పదార్థంలో ఈ రెండూ, ఆక్సిజన్ తప్ప వేరేవి లేవని తెలిస్తే మిగిలిన 0.533 ఆక్సిజన్. వందలోంచి తీసేసే పద్ధతి వద్దన్నాను గానీ, ఇక్కడ వేరే దారి లేదు. మండించడానికి బయటి ఆక్సిజన్ వాడాం కాబట్టి లోపలిదాన్ని విడిగా తూచలేం.

ఆ శాతాల నుంచి ఫార్ములా తీయాలంటే వంద గ్రాములు తీసుకున్నామనుకుని శాతాలను గ్రాములుగా చదవండి. కార్బన్ 40.0 గ్రాములను 12.011తో, హైడ్రోజన్ 6.7ను 1.008తో, ఆక్సిజన్ 53.3ను 15.999తో భాగిస్తే సుమారు 3.33, 6.65, 3.33 మోల్స్ వస్తాయి. అన్నిటినీ చిన్న అంకెతో భాగిస్తే 1, 2, 1. ఇది అనుభావిక ఫార్ములా, అంటే పరమాణువుల సంఖ్యల మధ్య అతి చిన్న నిష్పత్తి. ఇక్కడితో ఆగి పదార్థం పేరు రాసేయకండి. ఫార్మాల్డిహైడ్, ఎసిటిక్ ఆమ్లం, గ్లూకోజ్ మూడింటికీ సరిగ్గా ఇవే శాతాలు. మోలార్ ద్రవ్యరాశి 180 అని విడిగా తెలిస్తే, దాన్ని అనుభావిక ఫార్ములా ద్రవ్యరాశి 30తో భాగించి ఆరు రెట్లు అని తేల్చి, అణు ఫార్ములాలో ఆరు కార్బన్‌లు, పన్నెండు హైడ్రోజన్‌లు, ఆరు ఆక్సిజన్‌లు అని చెప్పగలం. అణు ఫార్ములా తెలిసినా కథ ముగియకపోవచ్చు. 1828లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త వూలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారుచేశాడు. రెండింటిలోనూ నైట్రోజన్ 46.65, ఆక్సిజన్ 26.64, కార్బన్ 20.00, హైడ్రోజన్ 6.71 శాతం. పాళ్ళలో రవ్వంత తేడా లేదు, పదార్థాలు మాత్రం వేరు. పరమాణువులు ఒకదానితో ఒకటి ఎలా అతుక్కున్నాయన్నది తూకానికి అందదు.

వెనక్కి నడిచేటప్పుడు జారిపడే చోటు ఇంకొకటి ఉంది. ఒక ఐరన్ ఆక్సైడ్‌లో ఐరన్ 69.94, ఆక్సిజన్ 30.06 శాతం అని ఇచ్చారు. భాగిస్తే 1.252, 1.879. చిన్నదానితో భాగిస్తే 1, 1.50. ఈ 1.50ని 2కి సవరించేస్తే జవాబు తప్పుతుంది. రెండింటినీ రెట్టింపు చేయండి: ఐరన్ 2, ఆక్సిజన్ 3. అనుమానంగా ఉంటే మీరు రాసిన ఫార్ములాకు తిరిగి శాతం కట్టి చూడండి. ఒక ఐరన్, రెండు ఆక్సిజన్‌లు అనుకుంటే ఐరన్ 63.57 వస్తుంది, ఇచ్చిన 69.94కు దరిదాపుల్లో లేదు. 1.98 లాంటిది వస్తే 2 అనుకోవచ్చు. 1.33, 1.5, 1.67 లాంటివి వస్తే మాత్రం మూడుతోనో రెండుతోనో గుణించాలి.

ఎరువుల బస్తాల మీద ఉండే అంకెల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అక్కడా హారం, లవం రెండూ చూసుకోవాలి. నైట్రోజన్ అంకె నైట్రోజన్‌దే. ఫాస్ఫరస్ అంకెను మాత్రం చాలా దేశాల్లో ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ లెక్కలో రాస్తారు. ఆ ఆక్సైడ్‌లో ఫాస్ఫరస్ 43.64 శాతమే. అంటే బస్తా మీద 20 అని ఉంటే అసలు ఫాస్ఫరస్ 8.73 శాతం. పొటాషియంనూ అలాగే ఆక్సైడ్ రూపంలో చెబుతారు, అందులో పొటాషియం 83.02 శాతం. పోటీ పరీక్షల ప్రశ్న మీద ఇలాంటి లేబుల్ కనిపిస్తే ముందు ఆ అంకె దేనిదో చదవండి.

ఇప్పుడు ఈ పేజీ పక్కన పెట్టి అల్యూమినియం సల్ఫేట్ ఒక్కటి చేయండి. రెండు అల్యూమినియంలు, బ్రాకెట్‌లో ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్‌లు, బ్రాకెట్ బయట 3. అల్యూమినియం 26.982, సల్ఫర్ 32.06, ఆక్సిజన్ 15.999 తీసుకోండి. అల్యూమినియం 15.77, సల్ఫర్ 28.11, ఆక్సిజన్ 56.12 శాతం రావాలి. మీకు ఆక్సిజన్ 42.66 వచ్చిందంటే బ్రాకెట్ బయటి 3ను పూర్తిగా మరిచిపోయారు. 69.06 వచ్చిందంటే ఆ 3తో ఆక్సిజన్‌ను గుణించారు గానీ సల్ఫర్‌ను వదిలేశారు. 56 దగ్గర వచ్చి చివరి దశాంశంలో తేడా ఉంటే మీ పట్టికలోని విలువలు వేరు, దాన్ని అలాగే వదిలేసి తర్వాతి లెక్కకు వెళ్ళండి.